గుడ్లకు రంగు పట్టని శనివారం

సహోదరులారా, సహోదరీలారా, నా కొడుకు గొంతు పట్టుకుని దగ్గుతుంటే నా చెయ్యి ముందు వాడి మీదికి వెళ్ళలేదు, బల్ల మీదున్న సీసా మీదికి వెళ్ళింది. సీసా తీసి, మూత బిగించి, సింకు కింద పెట్టి, ఆ తర్వాత బిడ్డను ఎత్తుకున్నాను. ఇదంతా జరగడానికి నాలుగైదు క్షణాలు పట్టి ఉంటుంది. పక్కనే నిలబడి నా కూతురు మొత్తం చూసింది. ఆ నాలుగైదు క్షణాల్లో నేనేమిటో నాకే తెలిసింది, అందులోంచి ప్రభువు నన్ను ఎలా బయటికి లాగాడో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అది ఈస్టర్‌కు ముందు శనివారం, ఉదయం పదకొండు గంటలు. మేముండేది సౌదీలో కువైట్ సరిహద్దు పక్కనున్న ఖఫ్జీలో. నేను ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో డ్రాయింగులు, పర్మిట్ల ఫైళ్ళు చూస్తాను. నా భార్య సునీత ఒక పాలీక్లినిక్‌లో నర్సు. పాప కీర్తనకు తొమ్మిదేళ్ళు, బాబు ఆశీష్‌కు ఐదు. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు, ఈస్టర్ ఆదివారం మాకు డ్యూటీ రోజే. అందుకని గుడ్ ఫ్రైడే ఆరాధన తీరిగ్గా ఎవరో ఒకరి ఇంట్లో చేసుకుంటాం, ఈస్టర్ ఆరాధన మాత్రం ఆదివారం సాయంత్రం డ్యూటీలు దిగాక, కిటికీలు మూసుకుని, మెల్లగా పాడుకుంటూ చేసుకుంటాం. మధ్యలో మిగిలే శనివారం పిల్లలది.

గుడ్లకు రంగులు వేయడం మా వైపు ఆచారం కాదు. తెనాలి దగ్గర మా పల్లెలో ఈస్టర్ అంటే తెల్లారకముందే సమాధుల తోటకు వెళ్ళడం, కొత్తగా సున్నం కొట్టిన సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు పెట్టి అక్కడే పాడి, ప్రార్థన చేసుకుని రావడం. ఇక్కడ పెరుగుతున్న పిల్లలకు అదెలా తెలుస్తుంది? వాళ్ళకు తెలిసిన ఈస్టర్ మా పై అంతస్తులో ఉండే మారిసెల్ ఇంట్లోది. ఆమెది ఫిలిప్పీన్స్, సునీతతో కలిసి పనిచేసే నర్సు, ఏటా తన కూతురితో కూర్చుని గుడ్లకు రంగులు వేస్తుంది. అది చూసి వచ్చిన దగ్గర్నుంచి కీర్తన మా ప్రాణం తీసింది. పైగా ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు, అంటే శ్రమల దినాలు, నలభై రోజులూ మా ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టం కాబట్టి ముప్ఫై తెల్లగుడ్ల ట్రే ఇంట్లోకి రావడమే పిల్లలకు సగం పండగ.

ముందురోజు గుడ్ ఫ్రైడే కూడికలో ఈ సంగతి మా సహవాసానికి పెద్ద, దైవసహాయం అంకుల్ చెవిన పడింది. గుంటూరు మనిషి, అరవై దాటాయి, ముక్కుసూటిగా మాట్లాడతాడు.

"ఏందే తల్లీ, గుడ్లకు రంగులంట? మనం చేసేది ఈస్టరా, హోలీనా?"

"కోడిపిల్ల పెంకు పగలగొట్టుకుని వస్తది కదా అంకుల్, ప్రభువు సమాధిలోంచి వచ్చినట్టు," అంది కీర్తన. మారిసెల్ దగ్గర నేర్చుకున్నదే.

"మరి మీరు ఉడకబెడతారు గదే. ఇంకెట్టొస్తది?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వుకు పది నిమిషాల ముందే, సహోదరులారా, ప్రభువు సిలువ మీద పడిన దాహం గురించి వాళ్ళకు వాక్యం చెప్పి కూర్చున్నాను. కూర్చున్న నా నోట్లో ఏలక్కాయ ఉంది. అదెందుకు నములుతున్నానో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఊళ్ళో ఉన్నప్పుడు నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను, తాగుడు అక్కడే అలవాటైంది. సౌదీకి వస్తే అదే పోతుందనుకున్నాను. ఇక్కడ సారా అమ్మడం నేరం, తాగడం నేరం, దొరికితే జైలు, ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్ళీ రాకుండా దేశం నుంచి పంపేయడం. రెండేళ్ళు నిజంగానే పోయింది. ఆ తర్వాత మా అన్న గుండెపోటుతో చనిపోయాడు. ఆ వారం కంపెనీలో సెలవు కుదరలేదు, ఊరెళ్ళి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం చేతికి రాలేదు, అన్నను మట్టి చేయడం నేను ఫోన్‌లో చూశాను. అప్పుడు తెలిసిన ఒక తమ్ముడు ఓదార్పుగా ఒక చిన్న సీసా చేతిలో పెట్టాడు. ఎవరి గదిలోనో దొంగతనంగా కాచిన సరుకు, చూడటానికి నీళ్ళలా ఉంటుంది. ఆ ఓదార్పు నాలుగేళ్ళు సాగింది.

దాచడానికి చోటు కావాలి కదా. సునీత ఇల్లు సర్దే మనిషి, అలమరా వెనక, పరుపు కింద ఏదీ ఆగదు. కానీ వంటింట్లో సింకు కింద ఒక వెనిగర్ సీసా ఉండేది, కెటిల్ లోపల పేరుకున్న తెల్లపొర పోవడానికి ఎప్పుడో కొన్నది. మన వంటలో పులుపంటే చింతపండు, లేదంటే నిమ్మకాయ. తెలుగు ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని సీసా ఏదైనా ఉంటే అది వెనిగరే అనుకుని, దాన్ని పారబోసి, నాది అందులో నింపుకున్నాను. నాలుగేళ్ళలో ఒక్కరూ దాన్ని తెరవలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. శ్రమల దినాల్లో మాంసం మానేశాను, టీలో చక్కెర మానేశాను, మూడు కూడికల్లో వాక్యం చెప్పాను, ఆ సీసా మాత్రం మానలేదు.

గుడ్డు పెంకుకు రంగు పట్టాలంటే వెనిగర్ కావాలని నాకు తెలియదు. మారిసెల్ కాగితం మీద రాసిచ్చింది: కప్పు వేడినీళ్ళు, కొన్ని చుక్కల రంగు, ఒక స్పూను వెనిగర్. సునీత ఉదయం డ్యూటీకి వెళ్ళింది, పిల్లలను చూసుకోవాల్సింది నేను. నేను గుడ్లు ఉడకబెట్టి, నీళ్ళు కాచి ఆరు కప్పుల్లో పోసిచ్చి, హాల్లో కూర్చుని ఫోను చూసుకుంటున్నాను.

"డాడీ, వెనిగర్ ఏది?"

"వంటింట్లోనే ఎక్కడో ఉంటది, చూడమ్మా," అన్నాను తల ఎత్తకుండానే. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

కాసేపటికి మళ్ళీ పిలిచింది. "డాడీ, రంగు పట్టట్లేదు. తీయంగానే జారిపోతోంది."

"ఎంత పోశావ్?"

"ఆంటీ ఒక్క స్పూనే అంది. పట్టట్లేదని సగం కప్పు పోశా. ఇదేందో వాసన కూడా వేరేగా ఉంది."

అప్పుడు లేచాను. నేను వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి ఆశీష్ ఎర్రరంగు కప్పు రెండు చేతులతో ఎత్తి షర్బత్ తాగినట్టు రెండు గుక్కలు మింగేశాడు. ఆ తర్వాత నేను చేసిందే మొదట రాశాను.

వాడికి నీళ్ళు పట్టించాను. కడుపులో మంట అని ఏడుస్తున్నాడు. "ఏం కాదు, వెనిగరే కదా," అన్నాను కీర్తనతో.

అది నా మొహంలోకి చూస్తూ, "వెనిగరైతే ఎందుకు దాచావ్ డాడీ?" అంది.

గట్టిగా కూడా అనలేదు.

నాకు తెలిసిన విషయాలు కొన్ని ఉన్నాయి. ఇలా గదుల్లో కాచే సరుకులో ఒక్కోసారి విషం ఉంటుంది, దానివల్ల కళ్ళు పోయినవాళ్ళ కథలు ఇక్కడి క్యాంపుల్లో అందరూ చెప్పుకుంటారు. పెద్దవాడు తాగి తట్టుకున్నది ఐదేళ్ళ పిల్లాడు తట్టుకోలేడు. డాక్టరుకు చూపించాలి, ఏం తాగాడని అడిగితే నిజం చెప్పాలి. నిజం చెబితే పోలీసు, జైలు, నా ఉద్యోగం, బహుశా సునీత ఉద్యోగం కూడా. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు, లేదా నా కొడుకు కళ్ళు పోవచ్చు. బిడ్డను చంకనేసుకుని ఈ రెండింటి మధ్య తూకం వేశాను. తూకం వేయాల్సి వచ్చిందంటేనే నేను ఎంత దూరం పోయానో చూడండి.

రంగు పట్టని గుడ్ల పక్కన, ఆ వంటింటి నేల మీద మోకరించాను. ఆ ప్రార్థన ఒక్కో మాటా నాకు గుర్తుంది. "ప్రభువా, నిన్న నీ దాహం గురించి చెప్పిన నోరు ఇదే. ఇవాళ నా బిడ్డ కోసం ఒక్క నిజం చెప్పడానికి తెరుచుకోవడం లేదు. నన్ను ఈ దేశం నుంచి పంపించెయ్, జైల్లో పెట్టించు, నాకు అభ్యంతరం లేదు. వాడి కళ్ళు మాత్రం తియ్యకు తండ్రీ. నాకు నోరు ఇవ్వు." వాడి కళ్ళ కోసం అడిగి ఆగలేదు, నాకు నోరు ఇవ్వమని కూడా అడిగాను. అది నా తెలివి కాదు, ఆత్మ దేవుడే అలా అడిగించాడని నమ్ముతున్నాను.

లేచి సునీతకు ఫోన్ చేశాను. "ఆశీష్ సారా తాగాడు. రెండు గుక్కలు. సారా నాదే."

అవతలి నుంచి వచ్చిన గొంతు భార్యది కాదు, నర్సుది. "ఎంతసేపైంది? తెలివిలో ఉన్నాడా? వాంతి చేయించొద్దు. పాపను మారిసెల్ దగ్గర వదులు. ఆ సీసా కూడా పట్టుకురా."

నాలుగేళ్ళు దాచిన సీసాను పట్టపగలు చేతిలో పట్టుకుని నాలుగు అంతస్తుల మెట్లు దిగాను.

క్లినిక్‌లో ఆ రోజు ఉన్నది సూడాన్ దేశపు పెద్ద డాక్టరు, ఆయన నమ్మకం వేరు, మన నమ్మకం వేరు. సీసా మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, "ఎవరిది?" అని అడిగాడు. "నాది," అన్నాను. ఇంకేమీ అడగలేదు. బాబుకు రక్తంలో చక్కెర చూశారు, గ్లూకోజ్ ఎక్కించారు, కళ్ళలోకి లైటు వేసి చూశారు, విషం ఉందేమో చూడటానికి రక్తం పెద్దాసుపత్రికి పంపారు. వాడు నిద్రపోయాడు. మంచానికి ఒకవైపు సునీత, ఒకవైపు నేను. నాలుగు గంటలసేపు ఆమె నావైపు చూడలేదు, నాతో మాట్లాడలేదు, పది నిమిషాలకోసారి వాడి రెప్పలెత్తి చూసేది, నాడి పట్టుకునేది, మళ్ళీ కూర్చునేది. నాకు పాటలు గుర్తు రాలేదు, వాక్యాలు గుర్తు రాలేదు, "ప్రభువా" అనే ఒక్క పిలుపు తప్ప నా దగ్గర ఏమీ మిగల్లేదు.

సాయంత్రం నాలుగు దాటాక రక్తంలో విషం లేదని కబురొచ్చింది. ఆ తర్వాత కొద్దిసేపటికి వాడు కళ్ళు తెరిచి, పైకప్పు చూసి, వాళ్ళమ్మను చూసి, చివరికి కుర్చీలో ఉన్న నా కాళ్ళకేసి చూశాడు.

"డాడీ, నీ సాక్సులు రెండూ వేరే వేరే రంగులు."

నిజమే, ఒకటి నలుపు, ఒకటి నీలం. ఆ రెండింటికీ తేడా వాడు మంచం మీద నుంచే కనిపెట్టాడు. పొద్దున్నుంచి ఒక్క చుక్క కన్నీరు రాల్చని సునీత అప్పుడు వాడి పొట్ట మీద తలపెట్టి ఏడ్చింది. దేవునికే మహిమ కలుగును గాక.

పోలీసులు రాలేదు. ఆ డాక్టరు కాగితంలో ఏం రాశాడో నేను చూడలేదు, ఎందుకు ఊరుకున్నాడో అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "పిల్లాడి సంగతి అయిపోయింది. రేపటి నుంచి నీ సంగతేంటి?" అన్నాడు. సీసాలో మిగిలింది సునీత క్లినిక్ సింకులో పారబోసింది. ఇంటికి వస్తూ కారులో మొదటిసారి నాతో మాట్లాడింది.

"స్కూలు సెలవులియ్యంగానే పిల్లల్ని తీసుకుని ఇంటికెళ్ళిపోతా."

"సునీతా, నేను మానేస్తా."

"మానెయ్. కోపంతో చెప్పట్లేదు. నాకు భయంగా ఉంది."

మర్నాడు ఈస్టర్ సాయంత్రం కూడికలో లేచి నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దైవసహాయం అంకుల్, "నాలుగేళ్ళు మా పక్కనే కూర్చున్నావు గదయ్యా, నాకోసం ప్రార్థన చెయ్యండని ఒక్కసారన్నా అడగలేదేంది?" అన్నాడు. ఆ తర్వాత, "రా అబ్బాయ్, ముందు అన్నం తిను," అని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక కుటుంబం మాత్రం ఆ తర్వాత మా ఇంట్లో కూడిక పెట్టవద్దని అడిగింది. వాళ్ళను నేను తప్పు పట్టను. ఇప్పుడు నేను వాక్యం చెప్పను, అందరికంటే ముందు వెళ్ళి చాపలు పరుస్తాను.

ప్రార్థన చేశాను, ఒక్క రోజులో పోయింది అని రాయగలిగితే బాగుండేది. అలా జరగలేదు. పది రోజులు చేతులు వణికాయి, అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు, పక్క మీద దుప్పటి చెమటకు తడిసిపోయేది. సునీత గుంటూరులో తనకు తెలిసిన డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఆయన చెప్పిన మాత్రలు తెప్పించి, రోగిని చూసినట్టు నన్ను చూసింది. ఎవరో తెలియని రోగికి కూడా ఆమె అలాగే చేస్తుందని నాకు తెలుసు. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి అంకుల్ వచ్చి నా వణికే చెయ్యి తన చేతిలో పట్టుకుని ప్రార్థించేవాడు. "తండ్రీ, ఈ పూట గడిపించు. రేపటిది రేపు అడుగుతాం." అంతే ఆయన ప్రార్థన. పదకొండో రోజు గ్లాసు ఒలకకుండా నీళ్ళు తాగాను. ఆ గ్లాసు చూసి నేను దేవుణ్ణి స్తుతించాను.

నాకు సరుకు అందించే తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏమన్నా, ఫోన్ లేపుతలేవ్. ఊరికి పోయినవా?"

"లేదు తమ్ముడూ. మానేశా."

అతను నవ్వాడు. "మీ లెంటు అయిపాయె గదనే. ఇంకెన్ని దినాలు?"

ఫోన్ పెట్టేశాను. నిజానికి నలభై రోజుల మీద నలభై రోజులు నేను దేవుణ్ణి మోసం చేసిన సంగతి ఆ అబ్బాయికే బాగా తెలుసు. వాడి కోసం ఇప్పుడు పేరు పెట్టి ప్రార్థిస్తున్నాను.

ఈస్టర్ తర్వాత వచ్చిన శనివారం పిల్లలు మళ్ళీ గుడ్లకు రంగులు వేయడానికి కూర్చున్నారు. ఈసారి మొదటినుంచి చివరిదాకా వాళ్ళతో బల్ల దగ్గరే కూర్చున్నాను. మారిసెల్ తన ఇంటి నుంచి వెనిగర్ పంపింది. కీర్తన దాన్ని నా ముందు పెట్టి, "నువ్వే పొయ్యి డాడీ. ఒక్క స్పూనే," అంది. పోశాను. పసుపు రంగు గుడ్డు వచ్చింది, ఎరుపు వచ్చింది, ఆశీష్ మూడు రంగులూ కలిపి మట్టి రంగు ఒకటి తెచ్చి అదే అందరికంటే బాగుందన్నాడు. వాడు ఆడుకోవడానికి వెళ్ళాక కీర్తనకు మొత్తం చెప్పాను, ఆ సీసాలో ఏముందో, అది నాదేనని, రంగు పట్టకపోవడం తన తప్పు కాదని, తమ్ముడికి అలా అవడం తన తప్పు అసలే కాదని. విన్నది. తడి గుడ్డును గుడ్డతో తుడుస్తూ ఒకే ఒక్కటి అడిగింది.

"మరి ముందు తమ్ముణ్ణి ఎందుకు ఎత్తుకోలేదు?"

"తెలీదమ్మా," అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు. అది ఆ గుడ్డును ట్రేలో పెట్టి, ఇంకోటి తీసుకుని నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి తుడిచాం.

ఇది చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నీ ఇంట్లో కూడా ఎవరూ చెయ్యి పెట్టరని నువ్వు నమ్ముకున్న చోటు ఒకటి ఉండవచ్చు. అది నీ పిల్లల చేతికి దొరికేదాకా ఆగవద్దు. నీ కొరకు ప్రార్థించమని పక్కనున్నవాణ్ణి ఈ రోజే అడుగు. అంత పెద్ద పాపిని, వాక్యం చెబుతూ తాగినవాణ్ణి, బిడ్డకంటే ముందు సీసాను ఎత్తుకున్నవాణ్ణి ప్రభువు తోసివేయలేదు, నిన్నూ తోసివేయడు. ఆయనను నమ్ము. నాకు నోరు ఇచ్చినవాడు నీకూ ఇస్తాడు. నా కొడుకు చూపును కాపాడిన దేవునికి, ఈ పూటకు నన్ను నిలబెట్టిన దేవునికి నా కృతజ్ఞతలు.

ఇది రాసేనాటికి నేను తాగక డెబ్బై రోజులైంది. జూలైలో పిల్లలకు సెలవులు. నాకు రానూ పోనూ టికెట్ తీశాం, వాళ్ళ ముగ్గురికీ వెళ్ళడానికి మాత్రమే తీశాం. సునీత క్లినిక్‌లో ఇవ్వాల్సిన సెలవు కాగితం నింపి బల్ల మీద పెట్టింది. అందులో తిరిగి డ్యూటీలో చేరే తేదీ రాయాల్సిన గడి ఇంకా ఖాళీగా ఉంది.